వరసలో ఆఖరు ఎవరు? వాలెన్సియా మార్కెట్‌లో మా అనుభవం

నవంబరు 1, శనివారం, ఉదయం తొమ్మిదిన్నర. నా చేతిలో రెండు గుడ్డ సంచులు, వదిన చేతిలో సామాన్ల చీటీ. ఎదురుగా స్పెయిన్‌లోని వాలెన్సియా సెంట్రల్ మార్కెట్. దాని తలుపులన్నీ మూసి ఉన్నాయి. నమ్మబుద్ధి కాక ఒక్కో తలుపు దగ్గరికీ వెళ్లి నెట్టి చూశాను. చుట్టూ తిరిగి రావడానికి పావుగంట పట్టింది. 8,000 చదరపు మీటర్ల పైచిలుకు కట్టడం మరి. వదిన ఎదుటి మెట్ల మీద కూర్చుని, "బాగానే ఉంది నీ ప్రదక్షిణం. గర్భగుడి ఎప్పుడు తీస్తారో కూడా కనుక్కో" అంది.

తప్పు నాదే. మార్కెట్ వేళలు నెల ముందే రాసి పెట్టుకున్నాను. సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం 7.30 నుంచి మధ్యాహ్నం 3 దాకా, ఆదివారం సెలవు. శనివారం పొద్దున వెళ్తున్నాం కదా, ఢోకా లేదనుకున్నాను. నవంబరు 1 పునీతులందరి పండుగ అనీ, స్పెయిన్ దేశమంతా సెలవనీ తెలుసుకోలేదు. వీసాకు సెప్టెంబరు 8న వేలిముద్రలు ఇచ్చిన దగ్గరి నుంచి (మనిషికి 90 యూరోల రుసుము, ఆపైన వీసా కేంద్రం వాళ్ల చార్జీ, పాస్‌పోర్టు చేతికి రావడానికి 18 రోజులు) రైలు సీట్ల దాకా ప్రతిదీ రెండేసిసార్లు సరిచూసుకున్న మనిషిని, పండుగల జాబితా మాత్రం చూసుకోలేదు. మీరు వెళ్తే ముందు అది చూసుకోండి.

వదిన గురించి ఒక మాట చెప్పాలి. మా అన్నయ్య భార్య, మా మేనమామ కూతురు కూడా. నాకంటే రెండేళ్లే పెద్ద కనుక మా మధ్య మన్ననలు లేవు. కాకినాడలో ఉంటుంది. వారానికి మూడు రోజులు కుంభాభిషేకం రేవుకు స్వయంగా వెళ్లి చేప కొంటుంది. మాడ్రిడ్‌లో రాజభవనం చూపిస్తే, "బాగుంది, వీళ్లు కూర ఎక్కడ కొంటారు?" అని అడిగింది. అందుకే వాలెన్సియాలో వంటిల్లున్న ఇల్లు తీసుకున్నాను. మార్కెట్‌కు నడిచి ఆరు నిమిషాలు. ఐదు రాత్రులకు 540 యూరోలు, అంటే మన లెక్కలో 55 వేల రూపాయలు. మాడ్రిడ్ నుంచి రైలు రెండు గంటల లోపే తెచ్చి దింపింది.

సరే, ఆ శనివారం ఏం చేయాలో తోచక టౌన్‌హాల్ ముందున్న కూడలికి నడిచాం. అక్కడ పూల కొట్లు తెరిచి ఉన్నాయి. కొట్టు నిండా చామంతులే. పసుపు, తెలుపు, వంకాయ రంగు. వదిన మొహం విప్పారింది. 6 యూరోలు పెట్టి ఒక కట్ట కొని, అక్కడే ఒక పువ్వు తుంచి తలలో పెట్టుకుంది. పూలమ్మే ఆవిడ ఏదో అనబోయి ఆగిపోయింది. దారి పొడవునా జనం చామంతి కట్టలు పట్టుకుని వెళ్తూనే ఉన్నారు. ఎక్కడికో అని ఫోనులో చూస్తే అప్పుడు తెలిసింది. ఆ రోజు సమాధుల మీద పెట్టే పూలవి. వదినకు చెప్పాను. ఒక్క క్షణం ఆలోచించి, "పువ్వుకేం తెలుసు" అని తలలోది తీయకుండానే నడిచింది. మిగతా కట్ట ఇంట్లో, నీళ్ల గ్లాసులో, మేం తెచ్చుకున్న వెంకటేశ్వరస్వామి పటం ముందు ఐదు రోజులూ తాజాగా ఉంది. ఆ రాత్రి భోజనం, సంచిలో తెచ్చుకున్న రవ్వతో ఉప్మా.

ఆదివారం మార్కెట్ మళ్లీ మూతే, అది తెలిసిందే. అయినా కాళ్లు అటే లాగాయి. మార్కెట్‌కు ఎదురుగానే పాత పట్టు వర్తకుల భవనం లోన్హా ఉంది. 15వ శతాబ్దం చివర్లో కట్టడం మొదలైన ఆ భవనాన్ని యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మామూలు రోజుల్లో 2 యూరోలు, ఆదివారం ఉచితం. లోపల స్తంభాలు తాడు పేనినట్టు మెలికలు తిరిగి పైకప్పులోకి విచ్చుకుంటాయి. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే, ఒక గైడ్ తన వెంట ఉన్నవాళ్లకు ఇంగ్లీషులో చెబుతున్న కథ చెవిన పడింది.

మార్కెట్ గుమ్మటం మీద గాలి ఎటు వీస్తుందో చూపే లోహపు చిలుక ఉంది. ఎదురుగా సాంతోస్ హువానెస్ చర్చి మీద ఇంకో పక్షి. వెనకటికి పేదవాళ్లు కొండ ప్రాంతాల నుంచి పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చి, "ఆ పిట్ట నోరు తెరుస్తుంది, కన్నార్పకుండా చూస్తూ ఉండు" అని చెప్పి, పిల్లవాడు పైకి చూస్తుండగా జనంలో కలిసిపోయేవారట. ఇక్కడి వర్తకులు ఎవరో ఒకరు చేరదీసి పనిలో పెట్టుకుంటారన్న ఆశతో అలా వదిలి వెళ్లేవారట. వదినకు తెలుగులో చెప్పాను. మార్కెట్ భవనం ఇప్పటిది, 1914లో మొదలుపెట్టి 1928లో తెరిచారు గానీ, ఆ చోట సంత అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచీ ఉందని కూడా చెప్పాను. ఆ రెండోది ఆమె విననేలేదు. చాలాసేపు చర్చి మీది పిట్టనే చూస్తూ కూర్చుంది.

నవంబరు 3, సోమవారం. ఎనిమిదింటికల్లా తలుపులు తెరిచి ఉన్నాయి.

లోపల అడుగుపెట్టగానే నాకు మొదట తెలిసింది వెలుతురు. ఇనుప స్తంభాలు ఎక్కడో పైన గుమ్మటాన్ని మోస్తుంటాయి. రంగు అద్దాల గుండా వచ్చే పొద్దుటి ఎండ కూరగాయల మీద పడుతుంటుంది. గోడలకు పింగాణీ పలకలు, వాటి మీద నారింజలు, పూల బుట్టలు. కింద మాత్రం ఆర్భాటం లేదు. నేల తుడిచిన తడి, తోపుడు బండ్ల చప్పుడు, "జాగ్రత్త, జాగ్రత్త" అన్నట్టు ఏవో కేకలు.

వదిన నేరుగా చేపల వైపు వెళ్లింది. చేపలకు వేరే గుమ్మటం, వేరే విభాగం. అక్కడ సగానికి పైగా కొట్లు ఖాళీ. పాలరాతి బల్లలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. వారాంతంలో పడవలు వేటకు వెళ్లవు కనుక సోమవారం తాజా చేప ఉండదు. తెరిచిన రెండు మూడు కొట్లలోనూ వదినకు నచ్చేది లేదు. "కన్ను చూడు, ఎలా లోపలికి పోయిందో" అని అక్కడి నుంచి కదిలింది. మూడు రోజుల్లో మూడో దెబ్బ.

పళ్ల దగ్గర ఇంకోటి తగిలింది. నారింజ పండును అక్కడా దాదాపు ఆ పేరుతోనే పిలుస్తారు. నారంహ అంటారు. మన వైపు నుంచే పర్షియా, అరేబియాల మీదుగా వెళ్లిన మాట అది. నేను ఆ సంబరంలో ఉండగా వదిన పక్క కొట్టు దగ్గర నిలబడి పడీపడీ నవ్వుతోంది. పలక మీద ఉన్న పేరు నేను చదివి చెప్పమంది. చదివాను. కాకి. టమాటాకు కాస్త ఎర్రటి నారింజ రంగు పూసినట్టుండే పండు పేరు కాకి. రెండు రకాలున్నాయి. ఒకటి గట్టిది, ఆపిల్‌లా కోసుకుని తింటారు. రెండోది మెత్తగా, చెంచాతో తినాల్సినంత జారుగా ఉంటుంది. ఏది పండిందో తెలియాలి కదా అని వదిన గట్టి కాకిని చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కింది. అంతే, కొట్టాయన గొంతు లేచింది. అర్థం కాకపోయినా అర్థమైంది. ముట్టుకోకూడదు. పండు ఏరేది, సంచిలో వేసేది అమ్మేవాళ్లే. మనం వేలితో చూపించాలి. వదిన పండు కింద పెట్టేసింది గానీ ముఖం మాడిపోయింది. ముప్పై ఏళ్లుగా కూరగాయలు తన చేత్తో ఏరుకుని కొన్న మనిషి.

అసలు బాధ ఆ తర్వాతే.

ఆలివ్ కాయలు, ఊరబెట్టిన మిరపకాయలు అమ్మే ఒక కొట్టు ముందు నిలబడ్డాం. ముందు ఆరేడుగురున్నారు. వరస అంటూ లేదు, ఎవరికి వారు నిలబడి ఉన్నారు. పక్కన ఇద్దరు కబుర్లాడుకుంటున్నారు. సరే, మన వంతు వస్తుందని నిలబడ్డాం. ఒకరి తర్వాత ఒకరు కొనుక్కుని వెళ్తున్నారు. మా తర్వాత వచ్చినవాళ్లు కూడా కొనుక్కుని వెళ్తున్నారు. కొట్టావిడ కళ్లు మా మీదుగా వెళ్లి వెనకవాళ్ల మీద ఆగుతున్నాయి. పది నిమిషాలు, పదిహేను, ఇరవై. నేను గడియారం చూసుకుంటున్నాను. వదిన ఏమీ అనలేదు. మామూలుగా ఊరుకునే మనిషి కాదు, అందుకే నాకు భయం వేసింది. చివరికి చాలా నెమ్మదిగా, "మన రంగు చూసి కాబోలు. పోదాం పద" అంది.

నాకూ అదే అనిపించింది. దాచుకోవడం ఎందుకు. చెవులు వేడెక్కాయి. ఏదైనా అనడానికి భాష లేదు, పోట్లాడటానికి ఓపిక లేదు. ఇంత దూరం, ఇంత డబ్బు పెట్టి వచ్చింది ఇందుకా అనిపించింది.

వెనుదిరుగుతుండగా ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్బై ఐదు దాటి ఉంటాయి. చక్రాల సంచి లాగుకుంటూ వచ్చి, ఎవరినీ చూడకుండా గాలిలోకి ఒక ప్రశ్న వేసింది. "కియెన్ ఎస్ లా ఉల్తిమా?" అక్కడున్న వాళ్లలో ఎర్రకోటు ఆవిడ ఒకామె తల కూడా తిప్పకుండా చెయ్యి కొంచెం పైకెత్తి "యో" అంది. పెద్దావిడ ఆ ఎర్రకోటును ఒకసారి కళ్లతో గుర్తుపెట్టుకుని, వరసలో నిలబడకుండా ఎదుటి కొట్టులో టమాటాలు చూడటానికి వెళ్లిపోయింది. నాలుగు నిమిషాల తర్వాత ఎర్రకోటు ఆవిడ డబ్బులిస్తుండగా తీరిగ్గా వచ్చి నిలబడింది. కొట్టావిడ ఆమెనే అడిగింది, ఏం కావాలని.

అప్పుడు వెలిగింది నాకు. ఆ మాటకు అర్థం "ఆఖరు ఎవరు?" వచ్చినవాళ్లు అడగాలి, ఆఖరున ఉన్నవాళ్లు నేనని చెప్పాలి. ఆ తర్వాత ఎక్కడ నిలబడ్డా ఫరవాలేదు. ఎవరి వెనక ఎవరో తెలిస్తే చాలు. వరస నేల మీద లేదు, మనుషుల తలల్లో ఉంది. మన రేషన్ దుకాణం ముందు చెప్పులు, సంచులు వరసలో పెట్టి చెట్టు నీడకు పోయేవాళ్లం కదా, అదే పద్ధతి, చెప్పులు లేకుండా. మేం అడగలేదు కనుక కొట్టావిడ లెక్కలో మేం కొనడానికి వచ్చినవాళ్లమే కాదు. ఫొటోలు తీసుకోవడానికి నిలబడ్డ యాత్రికులం. నిజానికి మా చుట్టూ అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. కొన్ని పెద్ద కొట్ల దగ్గర నంబరు చీటీ ఇచ్చే యంత్రం ఉంటుంది. చిన్న కొట్లలో ఈ మాటే చీటీ.

వదినకు చెప్పాను. నమ్మలేదు. "ఊరికే సర్ది చెప్పకు" అంది. అయితే మళ్లీ అడిగి చూద్దామని, నేను గొంతు సవరించుకుని, "కియెన్ ఎస్ లా ఉల్తిమా?" అన్నాను. నా ఉచ్చారణ ఎంత ఘోరంగా ఉందో గానీ, పెద్దావిడ వెనక వచ్చిన ఒక కుర్రవాడు వెంటనే చెయ్యెత్తాడు. ఐదు నిమిషాల్లో మా వంతు. కొట్టావిడ వదిన వైపు చూసి, "దీమె, రేయినా" అంది. రేయినా అంటే రాణి. చెప్పు రాణీ, ఏం కావాలి, అని. ఇరవై నిమిషాలు మమ్మల్ని చూడని మనిషే.

వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వు కూడా వచ్చింది. ఆలివ్ కాయల వైపు వేలు చూపించింది. ఎంత కావాలని అడిగితే ఏం చెప్పాలో తెలియక నా వైపు చూసింది. మా పక్కన నిలబడ్డ ఇంకొకావిడ అంతకు ముందే "క్వార్తో ఇ మితాద్" అని అడిగి తీసుకోవడం చూశాను. తూకం మీద 0.375 పడింది. నేను అదే మాట అన్నాను. పావు, దాని మీద ఆ పావులో సగం. వదిన తూకం వైపు చూసి, "పావు అరపావు!" అంది. "మా అమ్మ పొడికారం కొనేటప్పుడు ఇలాగే అనేది. పావు అరపావు ఇవ్వు నాయనా అని." మొత్తం 4 యూరోల 10 సెంట్లు. కార్డు తీసుకున్నారు గానీ కొన్ని కొట్లలో చిన్న మొత్తాలకు నగదే అడిగారు. ఇరవై, ముప్పై యూరోల చిల్లర దగ్గర ఉంచుకోవడం మంచిది.

ఆ రోజు బియ్యం కూడా కొన్నాం. బొంబా అనే రకం, పొట్టి గింజ, కిలో 4.80. ఇది పాయెయా అనే ఇక్కడి అన్నం వంటకానికి వాడే బియ్యం. మన సోనామసూరి కొలతతో నీళ్లు పోస్తే పలుకుగా మిగిలిపోయింది. గింజ మూడింతల నీళ్లు తాగుతుంది. రెండోసారి మరో గ్లాసు పోసి మూత పెడితే గానీ అన్నం అనిపించుకోలేదు. గుండ్రంగా, పిల్లల కోసం వండిన మెత్తటి అన్నంలా ఉంది. పెరుగులో బాగుంది, పచ్చడిలో బాగాలేదు.

నవంబరు 4, మంగళవారం. వదిన ఏడింటికే తయారైపోయి నన్ను లేపింది.

చేపల గుమ్మటం కింద దీపాలన్నీ వెలుగుతున్నాయి. అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. చెవులకు ముత్యాలు, పెదాలకు రంగు, పైన తెల్లటి ఏప్రాన్. మంచు రాశి మీద మార్బుల్ బల్లల నిండా చేపలు. ప్రతి చేప ముందూ చిన్న పలక ఉంది. పేరు, కిలో ధర, ఏ సముద్రంలో పట్టినది, వేటలో దొరికినదా, పెంచినదా అన్నీ రాసి ఉంటాయి. దొరాదా అనే చేప, కళ్ల మధ్య బంగారు గీత ఉండేది, పెంచినదైతే కిలో 11.90, సముద్రంలో పట్టినదైతే 24. నీళ్ల తొట్టెలో మలుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఊరికి దక్షిణాన అల్బుఫెరా సరస్సులోంచి వస్తాయి. సరస్సు చుట్టూ వరిచేలు కూడా ఉన్నాయని చెబితే, "అయితే వీళ్లకూ ఒక కొల్లేరు ఉందన్నమాట" అని తేల్చేసింది. ఎర్ర రొయ్యలు కిలో 100 యూరోలు దాటి ఉన్నాయి. వదిన ఆ పలక ముందు నమస్కారం పెట్టి పక్కకు వచ్చింది.

అప్పుడు ఆగింది. ఒక బల్ల మూలన జానెడు కూడా లేని ఎర్రటి చేపలు. ఒంటి మీద గులాబీ, బంగారం కలిసిన మెరుపు, గడ్డం కింద రెండు తెల్లటి మీసాలు వేలాడుతూ ఉన్నాయి. "ఇవి గులివిందలే!" అంది, కేక లాంటి గొంతుతో. పలక మీద సల్మొనేతే అని ఉంది. మన గులివిందల కుటుంబమే, రంగు మాత్రం చిక్కగా ఉంది. కిలో 16 యూరోలు. "పదహారు వందలా? గులివిందలకా? రేవులో వీటిని ఎవరు లెక్కచేస్తారే!" అని బుగ్గలు నొక్కుకుంది. అయినా కదల్లేదు.

"ఉల్తిమా?" అని అడిగింది ఈసారి వదినే. మొత్తం వాక్యం నోరు తిరగక ఆఖరి మాట ఒక్కటే అంది. అది చాలింది. ఒక ముసలాయన టోపీ కొంచెం ఎత్తాడు. ఎదురు చూసింది తొమ్మిది నిమిషాలు.

వంతు రాగానే వదిన చెయ్యి అలవాటుగా మొప్పల వైపు వెళ్లి, కాకి పండు గుర్తొచ్చి, గాలిలోనే ఆగిపోయింది. ఆ ఆగిన చెయ్యిని చేపలావిడ చూసింది. ఏమీ అనకుండా ఒక చేపను తీసి, బొటనవేలితో మొప్ప పైకెత్తి వదిన ముఖం దగ్గరికి తెచ్చింది. లోపల నెత్తురులా ఎర్రగా ఉంది. వదిన తల ఊపింది. ఆవిడా తల ఊపింది. ఇద్దరూ నోరు విప్పలేదు.

ఆరు గులివిందలు, ఒక పెంచిన దొరాదా తీసుకున్నాం. శుభ్రం చేయడానికి వేరే డబ్బులు లేవు, అది ధరలోనే కలిసి ఉంటుంది. మన దగ్గర కత్తిపీట ముందు కూర్చున్నవాళ్లకు వేరుగా ఇస్తాం కదా, అందుకని వదిన పర్సు తీయబోతే ఆవిడ వద్దని చెయ్యి ఊపింది. పెద్ద కత్తెరతో రెక్కలు కత్తిరించి, పొలుసు గీసి, పొట్ట చీరింది. గులివింద పొట్టలో కాలేయాన్ని మాత్రం అలాగే ఉంచి, వేలితో చూపించి, ఆ వేళ్లను ముద్దుపెట్టుకుంది. అది పారేయకూడదని. దొరాదాను ఎలా కోయాలని అడుగుతూ తల తీసేయనా అన్నట్టు కత్తి ఆనించగానే వదిన "నో, నో!" అని తన తల మీద చెయ్యి పెట్టుకుంది. ఆవిడ నవ్వుతూ తన తల మీద కూడా చెయ్యి పెట్టుకుంది. తల రెండు చెక్కలు, ఒళ్లు ముక్కలు. మొత్తం 17 యూరోల 35 సెంట్లు. చేపలు తెచ్చుకున్న సంచి ఇంటికి వచ్చేసరికి కారింది. కింద ఒక ప్లాస్టిక్ సంచి పెట్టుకుని వెళ్లండి.

మాంసం వీధిలో నేను వేగంగా నడిచాను. చర్మం ఒలిచిన కుందేళ్లు కళ్లతో సహా వేలాడుతుంటాయి. పైన వరసగా ఎండబెట్టిన పంది తొడలు, ఒక్కోదాని కొనకు కొవ్వు చుక్కలు పట్టడానికి చిన్న తెల్లటి గిన్నె గుచ్చి ఉంటుంది. కొట్టాయన సన్నటి ముక్క కోసి రుచి చూడమని ఇచ్చాడు. నేను తిన్నాను, వదిన తినలేదు. నాకు నచ్చింది, అన్నయ్యకు చెప్పవద్దని వదినకు చెప్పాను.

పదిన్నరకు లోపలి బార్‌లో కూర్చోవడానికి పావుగంట ఆగాం. వాలెన్సియా వాళ్లకు ఆ వేళకు తినే తిండి ఒక వ్రతం లాంటిది. మూరెడు రొట్టెలో ఏదో ఒకటి పెట్టింది, దానితో ఆలివ్‌లు, పొట్టుతో వేయించిన వేరుశెనగకాయలు. ఇద్దరికీ కలిపి 19 యూరోలు. కాయలు ఒలుస్తుంటే బల్లంతా పొట్టు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ తర్వాత ఓర్చాతా తాగాం. చల్లగా, పాలలా తెల్లగా, తియ్యగా ఉంటుంది గానీ అందులో పాలు లేవు. ముడతలు పడ్డ చిన్న గడ్డలను నానబెట్టి రుబ్బి పిండుతారు. కొట్టులో ఆ గడ్డలు గుప్పెడు గాజు సీసాలో పెట్టారు. ఏ మొక్కవో ఫోనులో బొమ్మ చూస్తే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తుంగ! మన చేలలో కలుపు తుంగకు దాయాది. ఊరి పక్కనే అల్బొరాయాలో దీన్ని పనిగట్టుకుని పండిస్తారు. "గట్టు మీద పీకి పారేసేదాన్ని గ్లాసు 3 యూరోలకు తాగుతున్నాను, ఇది మా నాన్నకు తెలిస్తే..." అంటూ రెండో గ్లాసు కూడా తెప్పించుకుంది.

పులుసుకు చింతపండు కావాలి. మార్కెట్‌లో లేదు. స్టేషను వెనక రుసాఫా పేటలో ఒక పాకిస్తానీ కొట్టులో దొరికింది, పొట్లం 2.50. దొరాదా తల, ముక్కలు పులుసు పెట్టింది. గులివిందలను ఉప్పు, కారం, పసుపు రాసి పెనం మీద కాల్చింది. మా ఇంటి కత్తి మొద్దు, పొయ్యి కరెంటుది, పెనం పైపూత సగం ఊడిపోయింది. అయినా ఆ కాలేయం ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు చేపలావిడ వేళ్లను ఎందుకు ముద్దుపెట్టుకుందో తెలిసింది. వాసన మాత్రం మరుసటి రోజు మధ్యాహ్నం దాకా పోలేదు. చేప చెత్తను ఆ రాత్రే వీధిలోని గోధుమ రంగు డబ్బాలో వేసి వచ్చాను, చలికి వణుకుతూ.

నవంబరు 5, బుధవారం. మూడింటికి రైలు. పదింటికి ఇంటి తాళాలు ఇచ్చేసి, పెట్టెలు అక్కడే ఉంచి చివరిసారి వెళ్లాం. ఇంటికి పట్టుకెళ్లడానికి కుంకుమపువ్వు, వేరుశెనగకాయలు, దారిలో తినడానికి గట్టి కాకులు నాలుగు. కుంకుమపువ్వు కొట్టు ముందు నలుగురున్నారు. వదిన అడిగింది, ఒకాయన చెయ్యెత్తాడు. కాసేపటికి చక్రాల సంచితో ఒకావిడ వచ్చి అదే ప్రశ్న వేసింది. నేను నోరు తెరిచే లోపే వదిన చెయ్యి పైకి లేచింది. "యో!" అంది. అవసరమైనదానికంటే చాలా గట్టిగా. కొట్టాయన కూడా తలెత్తి చూశాడు.

నేను చీటీలో లెక్కలు కూడుతున్నాను. మూడు రోజుల్లో మార్కెట్‌లో అయిన ఖర్చు, బార్ తిండితో కలిపి, 71 యూరోలు. తలెత్తి చూస్తే వదిన పక్కన లేదు. మా ముందాయన డబ్బులు ఇచ్చేస్తున్నాడు. కొట్టాయన తర్వాత ఎవరని చూశాడు. కుంకుమపువ్వు ఏ రకం, ఎన్ని గ్రాములు కొనాలో వదినకే తెలుసు, నాకు తెలియదు. మా వెనక వచ్చిన ఆవిడ వంతు తీసుకోవచ్చు. తీసుకోలేదు. చేపల గుమ్మటం వైపు వేలు చూపించి, కొట్టాయనతో ఏదో చెప్పి, సంచి మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

వదిన కొంగు సర్దుకుంటూ పరుగున వచ్చింది.

"ఎక్కడికి పోయావు?" అన్నాను.

"గులివిందలు ఇవాళ పద్నాలుగే" అంది.